చిన్న ఊళ్ళ మంచినీటికి లెక్క ఏది?

వేంసూరు పరిసర గ్రామాలలో నీటి పంపుకు రెండు పేర్లు వినిపిస్తాయి. ఖమ్మం వైపు సంబంధ బాంధవ్యాలు ఉన్నవారు నల్లా అంటారు. తిరువూరు, చింతలపూడి వైపు చుట్టరికాలు ఉన్నవారు కుళాయి అంటారు. మొదటి మాట ఉర్దూ మాట్లాడేవారికి పరిచితమైనది, రెండవది దక్షిణాది భాషలకు చెందినది. పేరు ఏదైతేనేమి, ఆ గొట్టం నుండి రోజుకు ఎంత నీరు వస్తున్నదో, ఆ నీరు రావడానికి ఎంత ఖర్చవుతున్నదో, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడిగితే ఇరువురి సమాధానమూ ఒక్కటే: తెలియదు. పోనీ, పంచాయతీ కార్యాలయానికో పురపాలక కార్యాలయానికో వెళ్ళి అడిగితే అక్కడా చాలా చోట్ల అదే సమాధానం. మన చిన్న ఊళ్ళ మంచినీటి కష్టాలకు నీటి కొరత కంటె, గొట్టాల కొరత కంటె, ఈ లెక్క లేకపోవడమే ప్రధాన కారణమని మేము భావిస్తున్నాము.

వేంసూరు మండల కేంద్రమే గాని పురపాలక సంఘం కాదు. ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గానికి పేరిచ్చిన ఊరు, నేటికీ గ్రామ పంచాయతీయే. అటువంటప్పుడు పురపాలక నీటి సరఫరా సంస్కరణ గురించి ఈ ఊరిని ముందుంచుకొని చర్చించడం ఎందుకని పాఠకులు అడుగవచ్చు. పక్కనున్న సత్తుపల్లి పురపాలక సంఘమైనది. మధిర అయినది. వైరా 2018లో అయినది. నిన్నటి పెద్ద పంచాయతీయే నేటి పురపాలిక. ప్రభుత్వ ఉత్తరువు వెలువడిన మరునాడు కార్యాలయం ముందున్న బోర్డు మారుతుంది, ఇంటి పన్ను కూడ మారుతుంది. కాని ఓవర్‌హెడ్ ట్యాంకు అదే, నేలలోని గొట్టాలు అవే, ఉదయాన్నే వచ్చి వాల్వు తిప్పే మనిషి కూడ అతడే. వేంసూరు వంటి ఊళ్ళు నేడు కాకున్నా రేపు పట్టణాలు కాగలవు. పట్టణం కాకముందే నీటి వ్యవహారాన్ని చక్కదిద్దుకొన్న ఊరు అదృష్టవంతమైనది. అయిన తరువాత దిద్దుకోవడం ఎంత కష్టమో ఇరుగుపొరుగు పట్టణాలలో నివసించే విద్యార్థులు ఎరుగుదురు.

రాజ్యాంగం ఈ బాధ్యతను ఎవరికి అప్పగించినదో ముందు స్పష్టం చేసుకోవాలి. 1992లో చేసిన 73వ, 74వ సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి. పదకొండవ షెడ్యూలులోని 29 అంశాలలో త్రాగునీరు ఒకటి, అది పంచాయతీలకు సంబంధించినది. పన్నెండవ షెడ్యూలులోని 18 అంశాలలో గృహావసరాలకు, పరిశ్రమలకు, వాణిజ్యానికి నీటి సరఫరా ఒకటి, అది పురపాలికలకు సంబంధించినది. బాధ్యత ఈ విధంగా క్రిందికి దిగినది. బాధ్యతతోపాటు ఇంజనీరు దిగలేదు, ప్రయోగశాల దిగలేదు, ప్రత్యేకమైన పద్దు పుస్తకం అంతకంటె దిగలేదు. హైదరాబాదుకు 1989లోనే నీటి సరఫరాకు, మురుగునీటి పారుదలకు వేరుగా ఒక బోర్డు ఏర్పడినది. తన ఆదాయం తనది, తన వ్యయం తనది, తప్పు జరిగితే నిలదీయడానికి ఒక కార్యాలయం ఉన్నది. ఇరవై ముప్ఫై వేల జనాభా గల పట్టణానికి అటువంటిది లేదు. అక్కడ నీరు వీధి దీపాలతో, చెత్త బండ్లతో, మురుగు కాలువలతో కలిసి ఒకే సాధారణ నిధిలో ఒక మూల పడి ఉంటుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

నీరే లేదన్న మాట ఈనాడు పూర్తిగా నిజం కాదు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపాన కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదుల నుండి, జలాశయాల నుండి శుద్ధి చేసిన నీటిని గ్రామ గ్రామానికి చేర్చడానికి పూనుకొన్నది. గ్రామంలో మనిషికి రోజుకు 100 లీటర్లు, పురపాలికలో 135, నగరంలో 150 అని లక్ష్యంగా పెట్టుకొన్నది. నల్లగొండ ఫ్లోరైడు బాధితుల వంగిన నడుములను చూచినవారెవరూ ఈ ప్రయత్నాన్ని తేలికగా మాట్లాడజాలరు. అయితే పథకం వారి పెద్ద గొట్టం ఊరి ట్యాంకు వరకే వస్తుంది. ట్యాంకు నుండి ఇంటింటికి పోయే చిన్న గొట్టాలు, వాల్వులు, వాటిని తిప్పే మనుషులు స్థానిక సంస్థల వారు. ట్యాంకులోనికి ఎంత చేరినదో, అందులో ఇళ్ళకు ఎంత పోయినదో, నేలలోనికి ఎంత ఇంకినదో కొలిచే సాధనం ఆ నడుమ ఉండదు. పెద్ద గొట్టం పగిలి నాలుగు రోజులు నీరు ఆగితే ఊరు మరల పాత బోరుబావిని ఆశ్రయిస్తుంది. ఆ బోరు కూడ ఒంటరిది కాదు. సత్తుపల్లి, వేంసూరు, అశ్వారావుపేట ప్రాంతాలలో ఆయిల్ పామ్ తోటలు విస్తరించినవి. పెరిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 150 నుండి 200 లీటర్ల నీరు కావాలని చెబుతారు. ఎకరానికి సుమారు 57 చెట్లు. అనగా ఒక ఎకరం తోట వేసవిలో ఒక రోజున త్రాగే నీరు ఇంచుమించు నూరుగురు మనుషుల నీటితో సమానం. రైతును నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు, అతని బ్రతుకు అతనిది. భూగర్భ జలం విషయంలో కూడ మనం లెక్క లేకుండా నడుస్తున్నామని చెప్పడమే ఉద్దేశం.

ఇక ఊరి లోపలి సంగతికి వద్దాము. ఇదే అన్నిటికంటె ముఖ్యమైనదని, విద్యార్థులు శ్రద్ధగా అర్థం చేసుకోవలసినదని మా నమ్మకం.

రోజుకు గంటో రెండు గంటలో, కొన్ని చోట్ల రోజు విడిచి రోజు నీరు వదలడం మనకు అలవాటైపోయినది. నీరు పొదుపు చేయడానికే ఈ పద్ధతి అని అనుకొంటారు. వాస్తవం వేరు. నీరు వదిలినంత సేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. ఆపిన తరువాత గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ గొట్టం, అతుకులు ఊడిన చోట, పగుళ్ళు ఉన్న చోట చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకొంటుంది. మన వీధులలో మంచినీటి గొట్టం పక్కనే మురుగు కాలువ ఉంటుంది. కొన్ని చోట్ల ఆ కాలువలోనుండే ఇంటి కనెక్షను పోతుంది. మరునాడు నీరు వదిలినప్పుడు మొదట వచ్చే బిందె రంగు, వాసన మన తల్లులకు తెలుసు. అందుకే మొదటి బిందెను వారు పారబోస్తారు. దీనికి తోడు నీరు సన్నగా వస్తున్నదని ప్రతి ఇంటివారూ నల్లాకు మోటారు బిగిస్తారు. మోటారు నీటినే కాదు, గొట్టం చుట్టూ ఉన్న దానినంతటినీ లాగుతుంది. మోటారు కొనలేని చివరి ఇంటికి గాలి మాత్రం మిగులుతుంది.

ఇది ఊహ కాదు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన నీరు త్రాగి పలువురు మరణించినారు, వందల మంది ఆసుపత్రుల పాలైనారు. 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో అదే జరిగినది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మరల ప్రాణాలు పోయినవి. ఒకటి మహానగరం, ఒకటి జిల్లా కేంద్రం, ఒకటి మండల కేంద్రం. భోలక్‌పూర్, గుంటూరు పాత పట్టణాలలోని ఇరుకు వీధులు ఎవరు నివసించే వీధులో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి సందర్భంలోనూ మంత్రులు వచ్చినారు, నష్టపరిహారం ప్రకటించినారు, ట్యాంకర్లు తిరిగినవి. ఆ వీధులలో గొట్టం ఒత్తిడి రోజుకు ఎన్నిసార్లు సున్నాకు పడిపోతున్నదో వ్రాసిపెట్టే పుస్తకం ఉండి ఉంటే ముందే మేల్కొనేవారు కదా అన్న ప్రశ్న మాత్రం త్వరలోనే మరుగున పడినది.

మా తరగతి హాజరు పట్టికలో కూడ ఈ సమస్య కనిపిస్తుంది. కొన్ని గ్రామాల నుండి వచ్చే బాలికలు వారంలో కొన్ని రోజులు మొదటి పీరియడుకు రారు. ఆరా తీస్తే తెలిసినది, అవి వారి వీధికి నీళ్ళు వచ్చే రోజులు. నీరు ఏడు గంటలకు రావచ్చు, తొమ్మిదికి రావచ్చు. తల్లి కూలికి పోతుంది. అన్నదమ్ములు ఉన్న ఇంట్లో సైతం బిందెలు పట్టే పని ఆడపిల్లదే. నీటి వేళ తెలియకపోవడం వల్ల ఒక పిల్ల సంవత్సరంలో ఎన్ని పాఠాలు కోల్పోతున్నదో ఏ పురపాలక బడ్జెటులోనూ కనిపించదు.

బడ్జెటులో కనిపించని ఖర్చు మరొకటి ఉన్నది. ఊరూరా మినరల్ వాటర్ ప్లాంట్లు వెలిసినవి. 20 లీటర్ల క్యాను లేని ఇల్లు అరుదు. క్యాను 10 రూపాయలకే దొరికినదనుకొన్నా, రెండు రోజులకు ఒకటి చొప్పున నెలకు 150 రూపాయలు. ఆ డబ్బుకు వచ్చేది 300 లీటర్లు. ఐదుగురు ఉన్న కుటుంబానికి మనిషికి 100 లీటర్ల వంతున నెలకు కావలసినది 15,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 10 రూపాయలు వసూలు చేసినా ఆ మొత్తానికీ అయ్యేది 150 రూపాయలే. ఒకే 150 రూపాయలు ఒక చోట 300 లీటర్లు, మరొక చోట 15,000 లీటర్లు. నల్లా నీటికి రుసుము అనగానే ధర్నాకు సిద్ధపడే మనం క్యానుకు మారు మాట లేకుండా చెల్లిస్తున్నాము. నమ్మకం లేని నీటికి ఎవరూ చెల్లించరు. ఎవరూ చెల్లించని నీటిని ఎవరూ బాగు చేయరు. ఈ చక్రం ఎక్కడో ఒక చోట తెగవలసి ఉన్నది.

నీరు దేవుడిచ్చినది, దానికి వెల కట్టరాదని కొందరు పెద్దలు వాదిస్తారు. మన సమాజంలో ఈ వాదానికి బలం ఎక్కువ గనుక దానిని గౌరవంతోనే పరిశీలిద్దాము. మదీనాలోని రూమా బావి కథ పిల్లలకు కూడ తెలుసు. యజమాని నీరు అమ్ముకొంటూ ఉండగా హజ్రత్ ఉస్మాన్ ముందుగా ఆ బావిలో సగ భాగం కొన్నారని, ఆయన వంతు రోజున ప్రజలు రెండు రోజుల నీరు తోడుకొనేవారని, అమ్మకం సాగక యజమాని మిగిలిన సగం కూడ అమ్మివేసినాడని చెబుతారు. బావి వక్ఫ్ అయినది, నీరు అందరికీ ఉచితమైనది. అయితే త్రాగినవాడు చెల్లించలేదు గాని, ఒకరు చెల్లించినారు. వక్ఫ్ ధర్మంలో మరొక సూక్ష్మం ఉన్నది. ఆస్తి మీద వచ్చే ఆదాయం మొదట ఆ ఆస్తి మరమ్మతుకు పోవాలి, తరువాతనే ఇతరులకు పంచాలి. మన కళాశాల పాలక సంఘంలో వక్ఫ్ వ్యవహారాలు తెలిసిన పెద్దలు ఉన్నారు, వారికి మేము చెప్పదగినది కాదు. తెలుగు దేశపు పాత పద్ధతి కూడ ఇదే. చెరువు త్రవ్వించినవారికి, దానిని కాపాడేవారికి దశబంధం పేరున భూమిలోనో ఆదాయంలోనో కొంత భాగం కేటాయించేవారు. తూము తెరచి మూసే నీరటివానికి ఇనాము ఉండేది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఏడెనిమిది వందల సంవత్సరాలు నిలిచినవంటే కాకతీయుల కట్టడపు గొప్పతనం ఒక్కటే కారణం కాదు, మరమ్మతుకు ఎవరు బాధ్యులో, వారికి జీతం ఎక్కడి నుండి రావాలో ముందే నిర్ణయించి ఉండడం కూడ కారణం.

కాబట్టి ఉచితమా, రుసుమా అన్న వాదన కంటె ముందు కొలత రావాలి. ఈ రెండింటికీ విరోధం లేదు. 2021లో హైదరాబాదులో నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితంగా ఇవ్వడం ప్రారంభించినప్పుడు, మురికివాడలను మినహాయించి, మీటరు ఉన్న ఇంటికే ఆ సౌకర్యమని షరతు పెట్టినారు. ఇరవై వేల లీటర్లు ఇచ్చినామో, నలభై వేలు ఇచ్చినామో తెలియకపోతే ఉచితం అన్న మాటకే అర్థం ఉండదు.

అయితే ఇంటింటికీ మీటరు అన్న నినాదంతో మొదలుపెట్టడం చిన్న ఊళ్ళకు తగదని మా అభిప్రాయం. దానికి డబ్బు చాలదు. మీటరు పెట్టి నీరు రాకపోతే గాలికి కూడ అది తిరుగుతుంది, జనం తిరగబడతారు. మొదటి మీటరు ట్యాంకులోనికి వచ్చే గొట్టానికి, రెండవది ట్యాంకు నుండి పోయే గొట్టానికి. ఈ రెండింటి ఖర్చు ఒక కల్వర్టు ఖర్చు కంటె తక్కువ. తరువాత హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, వాహనాల సర్వీసింగ్ సెంటర్లు, కార్యాలయాలు, మన కళాశాల వంటి సంస్థలు. ఎక్కువ వాడేవారి లెక్క తేలిన తరువాత ఇళ్ళ సంగతి చూడవచ్చు. విద్యుత్తు లెక్క కూడ పక్కనే వ్రాసుకోవాలి. వెయ్యి లీటర్ల నీటిని 60 మీటర్లు పైకి ఎత్తడానికి, పంపు శక్తిలో సగం వృథా అయినదనుకొన్నా, యూనిట్‌లో మూడవ వంతు విద్యుత్తు చాలు. అది రెండున్నర రూపాయలకు మించదు. అంతకు రెట్టింపు బిల్లు వస్తున్నదంటే పంపు అరిగినదన్నా కావాలి, సగం నీరు నేలపాలవుతున్నదన్నా కావాలి. పదవ తరగతి భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి చేయగల లెక్క ఇది.

ఇటువంటి లెక్కతో ఒక నగరం ఎట్లు బాగుపడినదో కంబోడియా రాజధాని నామ్‌పెన్ చెబుతుంది. అంతర్యుద్ధంతో శిథిలమైన ఆ నగరపు నీటి సంస్థను 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు చేపట్టినాడు. అప్పుడు సరఫరా చేసిన నీటిలో నూటికి 72 పాళ్ళకు డబ్బు రావడం లేదు. కొంత కారిపోతున్నది, కొంత దొంగ కనెక్షన్లకు పోతున్నది, అందులో సంస్థ ఉద్యోగుల పాత్రే ఎక్కువ. ఆయన ముందు తన సిబ్బందిని సరిచేసి, తరువాత ప్రభుత్వ కార్యాలయాల మీద, పెద్దల మీద పడినాడు. బిల్లు కట్టని ఒక సేనాధిపతి ఇంటి కనెక్షను తీయబోతే ఆయన తలకు తుపాకి గురిపెట్టినారట. వెనుదిరిగి వెళ్ళి, సాయుధ బలగంతో, విలేఖరులతో మరల వచ్చి కనెక్షను తీసివేసినాడు. సేనాధిపతి డబ్బు కట్టినాడు. 1996లో సంస్థకు స్వయంప్రతిపత్తి లభించినది, అయితే అది ప్రభుత్వ సంస్థగానే ఉన్నది. పదిహేనేళ్ళ కాలంలో ఆ 72 పాళ్ళు సుమారు 6 పాళ్ళకు దిగినవి, రోజంతా నీరు వచ్చినది, పేదలకు వాయిదాల మీద, రాయితీ మీద కనెక్షన్లు ఇచ్చినారు. విదేశీ సహాయం కూడ తోడ్పడినది, దానిని దాచనక్కరలేదు. 2006లో ఆయనకు మాగ్‌సేసే పురస్కారం వచ్చినది. వీధి పంపుల మీద, పేదల గుడిసెల మీద కాక పెద్దల ఇళ్ళ మీద మొదట చేయి వేయడమే ఆయన విజయ రహస్యమని మాకు తోస్తున్నది. మన చిన్న పట్టణాలలో నీటి పన్ను బకాయిల పట్టికను గోడ మీద అంటిస్తే అందులో మొదటి పది పేర్లు ఎవరివో తెలుసుకోవాలన్న కుతూహలం మాకు ఉన్నది!

రాజధాని నగరం కథ మనకెందుకు అనేవారికి మన దేశంలోనే చిన్న ఉదాహరణ ఉన్నది. మహారాష్ట్రలో సతారా జిల్లా కరాడ్ పక్కన ఉన్న మల్కాపూర్ అతి చిన్న పట్టణం. 2009 ప్రాంతంలో అక్కడ మీటర్లతో రోజంతా నీరు సరఫరా చేయడం ఆరంభించినారు, ఎక్కువ వాడినవారికి ఎక్కువ రేటు పెట్టినారు. ఒడిశాలోని పూరీలో 2021 జూలై నుండి నేరుగా పంపు నీరే త్రాగే ఏర్పాటు చేసినారు. అక్కడ స్వయం సహాయక సంఘాల మహిళలను జలసాథీల పేరున నియమించి, మీటరు చూడడం, బిల్లు వసూలు, ఇంటి వద్దనే నీటి పరీక్ష వారికి అప్పగించినారు. పొదుపు సంఘాలు బలంగా ఉన్న మన జిల్లాలో ఇది సాధ్యం కాదని ఎవరనగలరు?

ఇక్కడ వాల్వు తిప్పే మనిషి గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. పేరు చెప్పనవసరం లేని ఒక చిన్న పురపాలికను మేము ఎరుగుదుము. ఆ ఊరి గొట్టాల పటం కార్యాలయంలో లేదు. ఏ వీధి క్రింద ఏ గొట్టం పోతున్నదో, ఏ వాల్వు సిమెంటు రోడ్డు క్రింద పూడిపోయినదో ఒక్క పంపు ఆపరేటరు మనసులో ఉన్నది. ఆయన జ్వరంతో రెండు వారాలు మంచాన పడితే మూడు వార్డులకు నీరు ఆగినది. ఇంజనీరు ఆయన ఇంటికి పోయి మంచం పక్కన కూర్చొని వాల్వుల జాడ అడిగి వ్రాసుకొన్నాడు. అంత విలువైన జ్ఞానం గల మనిషి శాశ్వత ఉద్యోగి కాడు, అతని జీతం నెల నెలా అందదు. పంచాయతీలలో 2019 తరువాత మల్టీపర్పస్ వర్కర్ పద్ధతి వచ్చినది. ఉదయం నీరు వదిలినవాడే ట్రాక్టరు నడపాలి, కాలువ తీయాలి, మొక్కలకు నీరు పోయాలి. క్లోరిన్ ఎంత వేయాలో అతనికి నేర్పినవారు లేరు. పొడి చేతికి ఎంత వస్తే అంత ట్యాంకులో వేస్తాడు. ఒక రోజు వాసన భరించరానంత, ఒక రోజు అసలే లేదు. నీరటివానికి ఇనాము ఇచ్చిన కాలం కంటె మనం నాగరికులమని చెప్పుకొంటున్నాము. సంస్కరణ అంటూ జరిగితే అది ఈ మనిషి జీతంతో, శిక్షణతో, అతని మనసులోని పటాన్ని కాగితం మీద పెట్టడంతో ప్రారంభం కావాలి.

చిన్న ఊరు ఒక్కటే ఇంజనీరును, ప్రయోగశాలను భరించలేదన్నది సరైన అభ్యంతరమే. అందుకు మార్గం ఊరిని ఒంటరిగా వదలడమూ కాదు, వ్యాపార సంస్థకు అప్పగించడమూ కాదు. లాభం లేని చోటికి వ్యాపారి రాడు, వస్తే లాభం చూపించే వీధులకే నీరు పోతుంది. హాలెండు దేశంలో ఒకప్పుడు రెండు వందలకు పైగా ఉన్న నీటి సంస్థలు కలిసి కలిసి నేడు పది మాత్రమే ఉన్నవి, వాటి యజమానులు పురపాలికలు, రాష్ట్ర మండలాలే. సత్తుపల్లి పురపాలిక, చుట్టూ ఉన్న వేంసూరు, పెనుబల్లి వంటి పెద్ద పంచాయతీలు కలిసి ఒక ఉమ్మడి నీటి సంఘం పెట్టుకొని, ఒక ఇంజనీరును, ఒక పరీక్షాశాలను, ఒక మరమ్మతు బండిని పోషించుకోవచ్చు. పద్దు మాత్రం ఊరికి ఒకటి వేరుగా ఉండాలి, లేకపోతే పాత గొర్రె కథే. నిధులు లేవనడానికి కూడ వీలు లేదు. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధులలో నూటికి 60 పాళ్ళు నీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నది. 2021 అక్టోబరులో మొదలైన రెండవ అమృత్ పథకం చిన్న పట్టణాలను కూడ చేర్చుకొని, లెక్కకు రాని నీటిని 20 పాళ్ళ లోపుకు తేవాలన్నది. ఎంత వస్తున్నదో తెలియని ఊరు ఎంత పోతున్నదో ఎట్లా చెప్పగలదు? 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరి చాలకాలం ప్రత్యేకాధికారుల పాలన సాగినప్పుడు, ఈ ప్రశ్న అడగడానికి గ్రామాలలో ఎన్నికైన మనిషి కూడ లేకపోయినాడు.

విద్యార్థి మిత్రులకు చేతనైన పని ఉన్నది. ఇంటి పంపు వద్ద నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. రంగు చూచి చెప్పే చిన్న పరీక్ష పెట్టె మన రసాయనశాస్త్ర శాఖకు భారమైన వస్తువు కాదు. ఏ వీధిలో ఏ రోజున ఎంత ఉన్నదో మూడు నెలలు వ్రాస్తే ఎక్కడ గొట్టం పగిలినదో అదే చెబుతుంది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద తమ ఊరి నీటి రాబడి, విద్యుత్తు బిల్లు, ట్యాంకర్ల ఖర్చు అడిగి తెచ్చి ఒక పట్టిక వేయవచ్చు. వేంసూరు, మర్లపాడు, కందుకూరు నుండి వచ్చే పిల్లలు తమ తమ వాటర్‌మన్ వెంట ఒక ఆదివారం తిరిగితే ఊరి గొట్టాల పటం తయారవుతుంది.

పాలక సంఘం పెద్దలకు ఒక మనవి. మన కళాశాల ట్యాంకు నుండి రోజుకు ఎంత నీరు పోతున్నదో మనకూ తెలియదు. ట్యాంకు గొట్టానికి ఒక మీటరు బిగించి, లీటర్లు, విద్యుత్తు యూనిట్లు, క్యానులకు చెల్లించిన సొమ్ము నెలవారీగా వ్రాయించి, వచ్చే సంవత్సరపు సంచికలో ఉర్దూ, తెలుగు విభాగాలు రెండింటిలోనూ అచ్చు వేయించవలసినదిగా కోరుతున్నాము. మీటరు ఖరీదు, బిగించే కూలి కలిపి ఎంతవుతుందో అంచనా తెప్పించి తదుపరి సమావేశానికి సమర్పించగలము.